నలభై ఏడో నంబరు ఇల్లు

2000 సంవత్సరం ఫిబ్రవరి 17, గురువారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. వేకువన పట్టిన మంచు విడిపోయి గంటన్నర దాటింది. మబ్బు లేదు, గాలి లేదు. వెలుతురు చాలక ఎవరో పొరబడ్డారని అనడానికి వీల్లేని రోజు కనుక ఈ వివరం ముందే రాస్తున్నాను.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. గణాంక శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. చూడనిదాన్ని లెక్కలో వేయలేదు, చూసినదాన్ని వదల్లేదు. ఈ ఒక్క సంగతి తప్ప.

ఆ ఏడాది రైతు కుటుంబాల సర్వే పర్యవేక్షణకు ఆలన్ గారనే ఆంగ్లేయుడు వచ్చారు. తమ దేశ ప్రభుత్వ కొలువులో ఆర్థికవేత్త. ఇరవై మూడో ఏట చేరి, ధరల విభాగంలో, తరువాత వ్యవసాయ శాఖలో, ఆ తరువాత ఖజానా శాఖలో పనిచేశారట. ఒక మంత్రి కోరిన అంకె ఇవ్వనందుకు మూడేళ్లు ఏ పనీ లేని గదిలో కూర్చోబెట్టారని జీపులో వెళ్తూ చెప్పారు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతులో బాధ లేదు, గర్వమే వినిపించింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. జూన్‌లో పదవీ విరమణ. ఇదే చివరి పని.

సర్వేకు ఆయన పెట్టిన నియమం ఒకటుంది. లేని ఇంటికి పత్రం నింపినట్టు తేలితే, నింపినవారు ఎవరైనా సరే, ఆ రోజే ఉద్యోగం వదిలి వెళ్లిపోవాలి. పది రోజుల ముందు మా సిబ్బందిలో ఒకరిని అలాగే పంపించారు. పదకొండేళ్లు నా కింద పనిచేసిన మనిషి. ఆ కోపం నాలో ఉన్నదని ఒప్పుకుంటున్నాను.

ఆ గురువారం పర్చూరుకు పడమరనున్న ఒక చిన్న ఊళ్లో ఇళ్లు లెక్కపెట్టాం. ఊరి పేరు రాయను. ఆయన వాయవ్య మూల నుంచి, నేను ఆగ్నేయ మూల నుంచి విడివిడిగా బయలుదేరాం. ఆయన గుమ్మాల మీద సుద్దతో నంబర్లు వేశారు, నేను ఎర్రటి జాజుమట్టితో వేశాను. చివరకు రెండు మొత్తాలూ సరిపోవాలి. ముందే లాటరీ తీసిన నంబర్లు ఆయన సుద్ద వరుసలో పడిన ఇళ్లకు ఇద్దరం కలిసి వెళ్లి పూర్తి వివరాలు రాసుకోవాలి. ఆయనకు తెలుగు రాదు కనుక తర్జుమా నా వంతు.

పన్నెండు గంటల యాభై నిమిషాలకు బడి వరండాలో కాగితాలు ఎదురెదురుగా పెట్టాం. నా లెక్క ఎనభై మూడు. ఆయనది ఎనభై నాలుగు.

"మీరు ఒక ఇల్లు వదిలేశారు. నలభై ఏడు" అన్నారు. లాటరీలో పడిన నంబర్లలో అదీ ఒకటి. దాని పత్రం నేను లేకుండానే, ఆయన చేతిరాతతో ఇంగ్లీషులో నిండి ఉంది. నీలం తలుపు. ఇంటి యజమాని వీరయ్య. భార్య, ఏడేళ్ల కొడుకు, నాలుగేళ్ల కూతురు. మూడెకరాల పత్తి, కౌలు. పత్తి ఏరిన మూడు తీతలకూ విడివిడిగా దిగుబడి. రాసుకున్న సమయం ఉదయం పది నలభై.

వెళ్లి చూశాం. ఒక గుమ్మం మీద సుద్దతో నలభై ఆరు, పక్క గుమ్మం మీద నలభై ఎనిమిది. మధ్యలో ఖాళీ స్థలం. టేపు పట్టి కొలిచాను, వెడల్పు పద్నాలుగు అడుగులు. అందులో ఒక గడ్డివాము ఉంది.

నలభై ఆరో ఇంటి అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న నాగేశ్వరమ్మ అనే పెద్దావిడ నవ్వింది. "గడ్డివామును కూడా లెక్కలో వేశారా దొరగారు? అయితే మా గేదెక్కూడా ఓ నంబరెయ్యమనండి!"

ఆలన్ గారు నవ్వలేదు. గడ్డివామునే చూస్తూ, "ఇక్కడ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతను చెప్పాడు, నేను రాసుకున్నాను" అన్నారు.

"ఏ భాషలో చెప్పాడు?" అని అడిగాను.

ఆయన తన పత్రం తీసి మళ్లీ చదువుకున్నారు. "నేను గమనించలేదు" అన్నారు చివరకు. తరువాత తన నియమాన్ని తానే గుర్తుచేశారు. "సోమవారంలోగా విచారించి మీరే నివేదిక రాయండి. మీరు రాసిందే పైకి పంపుతాను."

ఆయన ముప్పై నాలుగేళ్ల పేరు అలా నా చేతిలోకి వచ్చింది. ఊహించి రాశారనే అనుకున్నాను. పట్టుకుందామనే బయలుదేరాను.

ముందు రాత్రే బసలో కూర్చుని కల్పించిన పత్రమా అంటే, సుద్ద నంబర్లు ఒప్పుకోవు. నడుస్తున్నప్పుడే ఆయన అక్కడ నలభై ఆరుకూ నలభై ఎనిమిదికీ మధ్య ఒక అంకె ఖర్చుచేశారు. రికార్డుల్లో చూసి రాశారా అంటే, శుక్రవారం ఊరి సాగు వివరాల పుస్తకం, అడంగల్, తిరగేశాను. ఆ మూడెకరాలకూ సాగుదారు గడిలో భూమి యజమాని పేరే ఉంది. నోటిమాట కౌలు ఏ కాగితంలోకీ ఎక్కదు.

ఇక మిగిలింది ఇరుగుపొరుగు. పేరు చెప్పగానే నాగేశ్వరమ్మ చేతిలోని కాయ చాటలో పడేసింది.

"వీరయ్యా? పత్తి పోయిన ఏడే చనిపోయాడుగదయ్యా. రెండేళ్లయింది. ఇల్లు పీకి కర్రా పెంకూ అమ్ముకుని, పిల్లల్ని తీసుకుని పెళ్లాం అంకమ్మ చిలకలూరిపేట వెళ్లిపోయింది."

"తలుపు ఏ రంగు?"

"నీలం. ఎందుకడుగుతున్నారు?"

మూడెకరాల సంగతి ఆమెకు తెలుసు. తీతల లెక్క తెలియదు. దొర తనతో మాట్లాడలేదని, తన గుమ్మం మీద నంబరు వేసి ముందుకు పోయాడని చెప్పింది.

శనివారం, 19వ తేదీ, చిలకలూరిపేట వెళ్లాను. అంకమ్మ పత్తి గింజలు వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో పనిచేస్తోంది. ఆలన్ గారిని కలిసే వీలు లేకుండా ఆ వారమంతా పనిలోనే ఉన్నట్టు హాజరు పుస్తకంలో చూశాకే ఆమెను పిలిపించాను. తలకు చుట్టుకున్న గుడ్డ మీద దూది పింజలు. నన్ను నమ్మలేదు.

"మళ్లీ ఏం రాసుకుపోదామని వచ్చారండీ? ఆయన పోయాక సాయం రాస్తామని వచ్చినాళ్లు కౌలు కాయితం చూపించమన్నారు. లేదంటే మీ ఆయన రైతే కాదని రాసుకుపోయారు. ఇంకేం మిగిలిందని?"

పిల్లల వయసులు అడిగాను. కొడుకుకు తొమ్మిది, కూతురికి ఆరు. పత్రంలో ఉన్నవి వీరయ్య పోయిన నాటి వయసులు.

అప్పుడు మూడో తీత ఎంత వచ్చిందని అడిగాను. పత్రం జేబులోనే ఉంది. తీయలేదు.

ఆమె తలగుడ్డ విప్పి చేతిలోకి తీసుకుంది. "పందొమ్మిది కేజీలండి. ఆ రోజు ఒక్కడే వెళ్లి తీసుకొచ్చాడు. ఇంట్లోనే తూచాడు. ఎవరికీ చెప్పొద్దే, పరువు పోద్ది అన్నాడు. నేనూ చెప్పలేదు. మా అమ్మకీ చెప్పలేదు."

పత్రం తీసి చూపించాను. మూడో తీత: పందొమ్మిది కిలోలు.

ఆమెకు ఇంగ్లీషు రాదు గాని అంకెలు తెలుసు. వేలు ఆ అంకె మీద పెట్టి, "ఇదెవరు చెప్పారండీ మీకు?" అంది. వేలు పైకి జరిపి, మళ్లీ తనే, "పైన ఏం రాసుంది?" అని అడిగింది.

"వీరయ్య. కౌలు రైతు" అని చదివాను.

"రైతనే ఉందా?"

"ఉందమ్మా."

"కొట్టెయ్యకండి, మీకు పుణ్యముంటుంది" అని పైటకొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారమంతా ఆలోచించాను. ఎవరైనా ఆయనకు చెప్పి ఉండగల మార్గాలు ఒక్కొక్కటే రాసి, ఒక్కొక్కటే కొట్టేశాను. చివరకు కాగితం మీద ఏదీ మిగల్లేదు.

సోమవారం నివేదిక ఇచ్చాను. 'నలభై ఏడో నంబరు పత్రంలోని ప్రతి వివరం విచారించాను. తప్పు కనబడలేదు' అని మాత్రం రాశాను. గడ్డివాము సంగతి రాయలేదు. నా సర్వీసులో తెలిసి వదిలిన వివరం అదొక్కటే. ఆలన్ గారు రెండుసార్లు చదివారు. కరచాలనానికి చెయ్యి చాచారు. జూన్‌లో మచ్చ లేకుండా విరమించారని తరువాత తెలిసింది.

ఆ ఉదయం పది గంటల నలభై నిమిషాలకు పద్నాలుగు అడుగుల ఖాళీ స్థలంలో ఆయనతో ఎవరు మాట్లాడారో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినట్టు నటించను. ఆ ఊళ్లో నేను చూసిన ఇళ్లు ఎనభై మూడు. సంతకం పెట్టిన తుది లెక్క ఎనభై నాలుగు.