సారవ్వ వేరు చేసిన పదకొండు

సారవ్వ గోదావరిఖనిలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అటెండరుగా చేరేనాటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు. చదివింది ఏడో తరగతి. అంతకుముందు పదిహేనేళ్లు ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో, తమ క్వార్టరు గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టింది. భర్త రాజం బొగ్గు బాయిలో పంపు ఆపరేటరు. భూమి అడుగున ఊరే నీటిని పైకి తోడించడం అతని పని. తుమ్ములు ఎక్కువై బీడీల పని మానేశాక, తెలిసినవాళ్లెవరో చెబితే ఆమె కాలేజీకి వెళ్లింది. గాజు పలకలు కడగడం, కప్పలను సీసాల్లో సర్దడం, సూక్ష్మదర్శినులకు గుడ్డలు కప్పడం. మాట తక్కువ మనిషి. పని చేస్తున్నంతసేపూ ఎక్కడో మరో చోట ఉన్నట్టు కనబడేది.

2010 ఎండాకాలంలో, రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకుంటున్న రోజుల్లో, కాలేజీకి నాలుగు పెట్టెలు వచ్చాయి. జువాలజీ లెక్చరర్ మన్సూర్ ఒక పెట్టె విప్పి, అందులోంచి ఒక సీసా తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. అడుగున తెల్లటిదేదో మెల్లగా కదిలి మళ్లీ కూర్చుంది.

"ఇది యాడిదో ఎరికెనా అక్కా? భూమికి కింది కొస. అంటార్కిటికా కాడి సముద్రం. మనోళ్ల ఓడ పొయ్యి వల ఏసి పట్టుకొచ్చింది."

"నూకల తీరుగున్నది సారూ."

"నూకలు గాదు. ఒక్కోటి ఒక్కో ప్రాణి. రొయ్యకు దగ్గరి చుట్టాలు."

మన్సూర్‌కు చదువు చెప్పిన మీనల్ అనే శాస్త్రవేత్త గోవాలోని ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. ఓడ తెచ్చిన సీసాలు వందలు, ఏరే చేతులు నాలుగు. అందుకని కొన్నింటిని పాత శిష్యుడికి పంపింది. ఒక్కో జీవిని సూదిమొనతో బయటికి తీసి, దేనికి దేన్ని జత చేయాలో చూసి, చిన్న గొట్టాల్లో వేసి, నంబరు రాయాలి. మన్సూర్ మొదటి వారంలోనే కళ్లు మండి తల పట్టుకున్నాడు. అప్పుడు సారవ్వ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "నేను జూడన్నా?" అని అడిగింది.

ఆమె కటకం మీదికి వంగిన మొదటి క్షణం గురించి తర్వాత చాలాసార్లు చెప్పింది. అంతా తెల్లటి వెలుతురట. ఆ వెలుతురు మధ్య, గాజుతో చేసిన బియ్యపు గింజ ఒకటి, రెండు పక్కలా పొడుగు మీసాలు చాచుకుని, ఇప్పుడే నిద్రపోయినట్టు పడుకుని ఉందట. బయట నలభై ఏడు డిగ్రీల ఎండ. ఆమెకు మాత్రం చేతుల మీద వెంట్రుకలు చలికి లేచినట్టు లేచాయి.

ఆనాటి నుంచి మధ్యాహ్నాలన్నీ ఆ కటకం దగ్గరే గడిచాయి. ఆకు మడిచి, పొగాకు నింపి, కొస వంచి అలవాటైన వేళ్లు సూదిని అతి తేలిగ్గా పట్టుకునేవి. మీసం విరిగేది కాదు. ఇంటికి వెళ్లాక కూడా, కూర కలుపుతూ ఉంటే, గిన్నెలో జీలకర్ర గింజలు ఈదుతున్నట్టు అనిపించేది. రాత్రి నిద్రలో ఆమెకు మంచు కనబడేది. మంచు అడుగున నీలం, నీలం అడుగున నలుపు, ఆ నలుపులో లెక్కలేనన్ని గాజు గింజలు చప్పుడు లేకుండా పైకి లేస్తూ ఉండేవి.

ఒకరోజు ఆమె మన్సూర్‌ను పిలిచింది.

"సారూ, ఇవన్నీ ఒక్కటేనన్నరు గదా. ఒక్కటి గావు."

"అన్నీ పిల్లలే అక్కా. ఇంక పెరగలేదు. పిల్లలల్ల తేడా తెలువది. పెద్ద పెద్ద సైంటిస్టులకే తెలువది."

"అట్ల గాదు, జూడుండ్రి. గివాటి నడుం కాడ మూల గుండ్రంగున్నది. గివాటిది సూదిగున్నది. పదకొండు ఉన్నయి గిసొంటియి."

మన్సూర్ చాలాసేపు చూశాడు. అతనికి ఒకసారి తేడా ఉన్నట్టు, మరోసారి లేనట్టు కనబడింది. "నాకైతే ఒక్కతీరే ఉన్నయి," అన్నాడు చివరికి. తర్వాత నవ్వి, "సరే, వేరే పెట్టు. మనం కొట్లాడుడెందుకు? డీఎన్ఏ చెప్తది," అన్నాడు.

అదేమిటో ఆమెకు అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. ప్రతి ప్రాణి ఒంట్లోనూ నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పొడుగాటి రాత ఉంటుంది. అందులో ఆరువందల యాభై అక్షరాల ముక్క ఒకటి దాదాపు ఏ జాతికి ఆ జాతికే ప్రత్యేకం. పిల్లయినా, తల్లయినా, కాలు విరిగినా, మీసం ఊడినా ఆ రాత మారదు. దాన్ని చదివి, ఇదివరకు చదివి దాచిన రాతలతో పోల్చి చూస్తారు. ఫార్మలిన్‌లో వేస్తే రాత పాడవుతుంది కాబట్టే వీటిని ఆల్కహాల్‌లో, చల్లగా ఉంచి పంపారు.

"అయితే ఆకారం అబద్ధమాడినా, రాత ఆడదన్నట్టు," అంది సారవ్వ.

పని ఏడాదిన్నర సాగింది. పదకొండు గొట్టాలున్న చివరి విడత గోవాకు పంపాల్సిన సమయానికి 2011 సెప్టెంబరు వచ్చింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. కాలేజీ మూతపడింది. బాయిలు నిలిచిపోయి బొగ్గు కదలకపోవడంతో కరెంటు గంటలకు గంటలు పోసాగింది. కాలేజీ ఫ్రిజ్ వెచ్చబడిపోతోందని మన్సూర్ కంగారుపడ్డాడు.

"మా కంపెనీ క్వార్టర్ల కరెంటు ఇంత పోదు సారూ. నేను తీస్కపోత," అంది సారవ్వ.

ఐస్ నింపిన డబ్బాలో గొట్టాల పెట్టె పెట్టుకుని, ర్యాలీల పక్కనుంచి, డప్పుల మధ్యనుంచి ఆమె ఇంటిదాకా నడిచింది. రంగులు, జెండాలు, పాటలు. ఆ హోరులో తన చేతిలోని డబ్బా ఒక్కటే చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఎవరో అక్కా, ఏం పట్కపోతున్నవని అడిగితే, "సముద్రం," అని చెప్పి నడిచిపోయింది.

ఇరవై నాలుగేళ్ల బాయి పనిలో మొదటిసారి రాజం పగటిపూట రోజుల తరబడి ఇంట్లో ఉన్నాడు. పొద్దున ధర్నాకు పోయి, మధ్యాహ్నం వచ్చి, ఏం చేయాలో తోచక ఫ్రిజ్ తెరిచాడు. పెరుగు గిన్నె పక్కన గొట్టాల పెట్టె.

"ఏందే ఇవి? తినేటియా?"

"అయ్యో, ముట్టకు బావా!" అంటూ ఉరికి వచ్చింది. రాజం ఆమె మేనబావే. తర్వాత ఏమనుకుందో, ఒక గొట్టం తీసి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చేతికి భూతద్దం ఇచ్చింది. రాజం ఊపిరి బిగబట్టి చూశాడు.

"ఇది సముద్రంల ఉంటదా?"

"మంచు కింద. చలికాలం వస్తే ఆడ నెలల తరబడి పొద్దే పొడవదంట. అంతా చీకటే. ఇయి ఇంకా లోపలికి, అడుగుకు పోతయంట. తిండి లేకుంట, కదలకుంట ఆడనే ఉంటయి. పొద్దు పొడిస్తె మల్ల పైకొస్తయి."

రాజం భూతద్దం దించలేదు. "మరి పొద్దు పొడిసినట్టు వాటికెట్ల తెలుస్తది?"

"ఏమో. సారుకు గూడ సక్కగ తెలువదంట."

"నాకు తెలుస్తది," అన్నాడు రాజం నెమ్మదిగా. "గడియారం లేకున్నా తెలుస్తది. షిఫ్టు అయిపోవచ్చిందంటే ఒంటికే తెలుస్తది."

సారవ్వ అతని వంక చూసింది. పెళ్లయినప్పటి నుంచీ బాయి అడుగున ఎలా ఉంటుందని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఆ మధ్యాహ్నం చెప్పాడు. పంపు ఆపితే వినబడే నీళ్ల చుక్కల చప్పుడు, టోపీ దీపం ఆర్పితే కళ్ల ముందు తేలే రంగులు. ఆమె గొట్టాన్ని మళ్లీ చల్లటి చోట పెట్టి వచ్చి, పక్కన కూర్చుని వింది.

సమ్మె ముగిశాక గొట్టాలు గోవాకు చేరాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మీనల్ నుంచి ఫోను. మన్సూర్ దాన్ని చెవికి పెట్టుకునే ల్యాబులోకి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, నువ్వే గెలిచినవ్! పదకొండిట్ల ఒకటి చదువరాలేదు. మిగిలిన పది ఒక్క తీరు. మిగతా మందతోని కలుస్తలేవు. వాళ్ల కాడ ఉన్న ఏ రాతతోని గూడ కలుస్తలేవు!"

"అంటే కొత్తయా?"

"గట్ల చెప్పరాదు. పెద్దదాన్ని ఎవరన్నా ఇదివరకే చూసి పేరు పెట్టిన్రేమో, రాత చదువలేదేమో. పెద్దది దొరికితె గని తెలువది." అతను ఫోను దించాడు. "నేనైతే అన్నిటినీ ఒక్క పేరు కింద రాసి పంపుతుంటి. తప్పయ్యేది."

సారవ్వ బేసిన్‌లో నీళ్లు వదిలి, కడగవలసిన పలకలు కడిగింది. కడుగుతూ, ఎవరికీ వినబడకుండా నవ్వుకుంది.

నివేదికలో ఆ పదింటిని పేరు తెలియని ఒక జాతిగా రాశారు. చివర కృతజ్ఞతల్లో సారవ్వ పేరూ, ఊరి పేరూ ఉన్నాయి. పెద్ద జీవి మాత్రం తర్వాత తెచ్చిన సీసాల్లో కూడా దొరకలేదు. దాని గురించి ఎవరైనా అడిగితే, "ఉంటది, యాడనో ఉంటది," అనేది ఆమె, పొరుగూరిలోని బంధువు సంగతి చెప్పినట్టు.

2013లో మీనల్ ఆమెను పది రోజులకు గోవాకు పిలిపించింది, పరిశోధక విద్యార్థులకు ఏరడం నేర్పమని. రెండు రైళ్లు మారి వెళ్లింది. కుర్రవాళ్లు సూదిని కలం పట్టినట్టు పట్టుకుంటుంటే, వాళ్ల వేళ్లు సరిచేసింది. మన్సూర్ ఇంటివాళ్ల దగ్గర నేర్చుకున్న దక్కనీ ఉర్దూలోనే, జల్దీ వద్దని, ఊపిరి దాని మీద వదలొద్దని చెప్పింది. రాతలు చదివే యంత్రాన్ని చూపించారు. తెర మీద నాలుగు రంగుల అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది.

చివరి రోజు పొద్దున్నే మీనల్ ఆమెను తీరానికి తీసుకువెళ్లింది. సారవ్వ సముద్రం చూడటం అదే మొదలు. చీర కుచ్చిళ్లు తడిసేదాకా లోపలికి నడిచి, దక్షిణం ఎటో అడిగి, అటు తిరిగి నిలబడింది. తర్వాత రాజంకు ఫోను చేసి, మాట్లాడకుండా ఫోనును నీళ్ల వైపు చాపింది.

"ఆడ వాన పడుతున్నదా?" అని అరిచాడు రాజం.

"వాన గాదు బావా. ఇను."

అతను విన్నాడు. ఇంకా బాగా వినబడాలని ఫ్యాను ఆపి, ఫోనును చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.