మా జీపు, నా సాక్ష్యం

నాకు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది నేనే మొదలు, ఆఫీసు ఉద్యోగమూ నాదే మొదలు. ఈ మాట పాలకేంద్రం దగ్గర చెప్పా, ఆటోలో పక్కన కూర్చున్నావిడకి చెప్పా, రాంగ్ నంబర్ వచ్చినాయనకి కూడా చెప్పా. సంతోషమొస్తే నా నోరు ఆగదు. పోయినేడు ఆ నోటి వల్లే తలొంచుకున్నా. అది చెప్పకుండా ఇది చెప్పడం సబబు కాదు.

మా నాన్నకి ఓ పాత డీజిల్ జీపుంది. మిరపకోతలప్పుడు పొద్దున్నే కూలీలను చేలకి చేర్చేవాడు, వచ్చేటప్పుడు మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకొచ్చేవాడు. తర్వాత అందరూ ఆటోలెక్కారు. జీపు మా గోడపక్కన కూర్చుండిపోయింది, అందులో కోళ్లు గుడ్లు పెట్టేవి.

నా ఇంజనీరింగ్ రిజల్ట్ రాగానే అమ్మ కృతజ్ఞత కూడిక పెడదామంది. మంచి జరిగితే పాస్టరు గారినీ చుట్టుపక్కలవాళ్లనీ ఇంటికి పిలిచి, ప్రార్థన చేయించి, దేవుడు చేసిన మేలు మన నోటితో సాక్ష్యం చెప్పి, అన్నం పెట్టడం మా వాళ్ల పద్ధతి. "పాస్టరు గారిని మన జీపులోనే తీసుకొస్తా" అని ఊరంతా చెప్పేశా. అప్పటికింకా బానెట్ కూడా ఎత్తి చూడలేదు.

మూడు వారాలు పట్టింది. చేతిలో పెద్దగా డబ్బుల్లేవు. తుప్పు తిన్న అడుగుకి నూనె డ్రమ్ము రేకు కొట్టించా. సీట్లకి గోతాలు కుట్టా. చర్చి గేటుకి వేయగా మిగిలిన నీలం రంగే జీపుకీ పూశా. అడుగున తుప్పు గీకే గ్రైండరు పెట్టిన రోజు, ఎన్నేళ్లనాటి మిరప దుమ్మో లేచి వీధి వీధంతా తుమ్మింది. పక్కింటి పిన్ని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏమమ్మా ఇంజనీరూ, జీపు చేస్తున్నావా, కారం పట్టిస్తున్నావా?" అని అరిచింది.

అన్నీ అయ్యాయి గానీ, కొత్త డీజిల్ ఫిల్టరు వేశాక ఇంజను స్టార్టవలేదు. ఎంత తిప్పినా గరగర తప్ప ఏం లేదు. కూడికకి ఇంకా రెండ్రోజులే ఉంది.

నాన్న పక్కన నిలబడి, "డీజిల్ పైపులో గాలి పట్టిందేమోనే" అన్నాడు.

"గాలేంటి నాన్నా, పంపు పోయింది. ఇది నీకు తెలీదు, నువ్వు ముట్టుకోకు."

నాన్న చేతిలో ఉన్న స్పానరు మెల్లగా మడ్‌గార్డ్ మీద పెట్టి లోపలికెళ్లాడు.

కూడిక రోజు పొద్దున బ్యాటరీ వైర్లు ఊడదీసి, గీకి, మళ్లీ బిగించి తాళం తిప్పా. ఒక్క తిప్పుకే స్టార్టయింది! గంతులేశా. పాస్టరు గారిని ఎక్కించుకుని, హారన్ కొట్టుకుంటూ తీసుకొచ్చా.

నా సాక్ష్యం వంతు వచ్చింది. నేను చదివిన చదువు, నేను కనిపెట్టిన వైరు లోపం, అంతా చెప్పా. "మా నాన్న గాలి పట్టిందన్నాడు" అని కూడా అన్నా. అందరూ నవ్వారు. పాస్టరు గారు నాన్నని ఓ మాట చెప్పమన్నారు. నాన్న లేచి, "నాకేం తెలుసండి, చదువుకున్న పిల్ల" అని కూర్చున్నాడు.

చివర్లో ప్రార్థనకి, తండ్రిగా నా తల మీద చెయ్యి పెట్టమన్నారు. మోకరించి కళ్లు మూసుకున్నా. చెయ్యి తల మీదికొచ్చింది. గుప్పుమని డీజిల్ వాసన.

తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చిన మనిషి చేతికి డీజిలెందుకంటుకుంటుంది? నాకర్థమైంది. అందరూ ఆమెన్ అన్నారు. అప్పుడే లేచి నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. పిన్ని ఆకులు వేస్తోంది, నేను నీళ్ల గ్లాసులు అందుకున్నా.

అందరూ వెళ్లాక అడిగా. "నాన్నా, గాలి నువ్వే తీశావా?"

"నువ్వు లేవకముందు కొంచెం తీశాలే. మిగతాదంతా నువ్వే చేశావుగా."

"మరి స్టార్ట్ చేసి చూళ్లేదా?"

"నువ్వు చేస్తావని ఆగా."

ఆ మాటకి నేను తలెత్తలేకపోయా. మర్నాడు ఆయన దగ్గరే నేర్చుకున్నా. ఫిల్టరు మీద స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడుతుంటే ముందు నురగ వస్తుంది. నురగ ఆగి ఉత్త డీజిల్ వచ్చాక బిగించాలి. అంతే. ఇంత చిన్న పని.

ఇంట్లో అడిగానే గానీ, ఊళ్లో చెప్పడానికి ఏడాది పట్టింది. మొన్నాదివారం చర్చిలో ఉద్యోగం గురించి సాక్ష్యం చెప్పమన్నారు. ముందు జీపు సంగతి చెప్పా, తర్వాతే ఉద్యోగం. మగవాళ్ల వైపు నాన్న తల దించుకుని చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాడు.

బయటికొచ్చాక విసుక్కున్నాడు. "ఆ గాలి సంగతి అందరి ముందూ ఎందుకే?"

ఇంతలో ఓ ముసలావిడ జీపు దగ్గరకొచ్చి నా బుగ్గ పుణికింది. "జీపు బాగుచేసిన పిల్లవి గదూ! నీకు ఉద్యోగం రాక ఎవరికొస్తుందే?"

"నేను కాదు మామ్మా, మా నాన్న. ఇప్పుడే చెప్పా గదా."

"అదేలేమ్మా, ఎవరైతేనేం" అంటూ జీపెక్కి కూర్చుంది. "బండి పోనీ, ఎండగా ఉంది."

నాన్న తాళం నాకివ్వబోయాడు. నేను తీసుకోకుండా పక్క సీట్లో కూర్చున్నా.