మా మగ్గాన్ని సినిమా తీసిన పెద్దమనుషులు

కొత్త శతాబ్దం వచ్చేస్తాందని టీవీలు ఊదరగొడుతున్న రోజుల్లో ధర్మవరంలోని మా ఇంటికి సినిమా తీసేవాళ్లు ముగ్గురు వచ్చినారు. అంతరించిపోతున్న చేతివృత్తులను భద్రపరుస్తారంట. వాళ్ల పెద్దాయనకు ఖద్దరు జుబ్బా, భుజాన గుడ్డసంచి. ఎదురుగా గుంటమగ్గంలో కూర్చుని మా నాయన చీర నేస్తానే ఉన్నాడు. బతికున్న మనిషి ముందర 'అంతరించిపోతున్న' అనడానికి వాళ్లకు నోరెట్లా వచ్చిందో.

మగ్గం మీద జాకార్డు పెట్టె చూడంగానే పెద్దాయన ముఖం మాడిపోయింది. దాని అట్టలకున్న చిల్లులను బట్టే చీర అంచులో హంసలు, మామిడిపిందెలు పడేది.

"ఈ మిషన్ తీసేయొచ్చా? పాతకాలంలా కనబడాలి."

"తీస్తే అంచు యాడనుంచి వస్తాదప్పా?" అన్నాడు నాయన.

"నేస్తున్నట్టు చేస్తే చాలు."

ముప్పై ఏండ్లుగా నేస్తున్న మనిషిని నేస్తున్నట్టు చేయమన్నాడు! కడకు జాకార్డు మీద మా దుప్పటే కప్పినారు. నాయన చొక్కా విప్పించినారు. గోడకున్న క్యాలెండర్ పీకి, ట్యూబులైటు ఆర్పి, వాళ్ల లైట్లు వేసుకున్నారు. పక్క సందులో మరమగ్గాల మోత వినబడుతాంటే పోయి బతిమాలి ఆపించినారు. ఉన్నదున్నట్టు తీయడానికి వచ్చినోళ్లు ఉన్నదొక్కటీ ఉండనియ్యలేదు.

తర్వాత మా అమ్మ వంతు. ఆమె గోడవార రాట్నం ముందర కూర్చుని పట్టు కండెలు చుట్టేది. అడ్డపోగును అటూ ఇటూ లాగే నాడెలో ఆ కండె పడకుంటే నాయన ఒక్క పోగు కూడా నేయలేడు. పొద్దున్నుంచి నైటీ మీద టవలు కప్పుకొని అదే పనిలో ఉండిన అమ్మ, చీర కట్టుకొస్తానని లేచింది. పెద్దాయన ఆమెను ఎగాదిగా చూసినాడు. మంగుమచ్చల ముఖం, ముందరి పన్ను ఒకటి లేదు.

"మీకెందుకమ్మా శ్రమ? మీ అమ్మాయిని కూర్చోబెడదాం. తరం నుంచి తరానికి అన్నట్టుంటుంది."

నాకు కండె చుట్టేది రాదు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాననే పొగరుతో ఆ రాట్నం దగ్గరికే పోయేదాన్ని కాదు. ఆ సంగతి చెప్పాల్సింది. చెప్పలేదు. సినిమాలో కనబడాలని నాకే ఆశ. వాళ్లను తిట్టే నోటితో నన్ను నేనూ తిట్టుకోవాల్సింది ఇక్కడే. అమ్మ నాకు లంగా ఓణీ తీసిచ్చి, తలలో కనకాంబరాలు పెట్టి, పక్కకు పోయి నిలబడింది. మూడుసార్లు పోగు తెంచినాను. మూడుసార్లూ ఆమే వచ్చి ముడివేసి, కెమెరాకు అడ్డం రాకుండా నడుం వంచుకొని పోయింది.

ఏడాది తర్వాత అనంతపురంలో ఒక హాలులో ఆ సినిమా వేస్తూ మమ్మల్ని పిలిచినారు. తెర మీద నాయన నోరు కదులుతాంది గానీ మాట ఆయనది కాదు. ఎవరో రేడియో గొంతుతో "మగ్గమే మా దైవం" అంటాండాడు. ఆ పొద్దు నాయన చెప్పింది మోకాళ్ల నొప్పుల గురించి. తర్వాత నేను. తల్లి ఒడిలోనే ఈ విద్య నేర్చుకున్నానంట. ఆ తల్లి మాత్రం సినిమాలో ఎక్కడా లేదు.

లైట్లు వెలగంగానే నాయన లేచినాడు.

"సార్, ఈ పాపకు కండె చుట్టేది రాదు. చుట్టేది ఈమె," అని అమ్మ చెయ్యి పట్టి లేపినాడు.

పెద్దాయన మైకు అందుకొని, "చూశారా, ఎంత అమాయకులో!" అన్నాడు. హాలంతా చప్పట్లు. అమ్మ ఏం చేయాలో తెలియక చేతులు జోడించింది. ఆ చప్పట్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బస్సులో అమ్మను "కోపమొచ్చిందా మా?" అని అడిగినాను.

"పోగును పామును పట్టుకున్నట్టు పట్టుకుంటివి. ఆ ముక్కన్నా కోసేయకూడదా వాళ్లు," అనింది అమ్మ. నవ్వుతుందేమోనని చూసినాను. నవ్వలేదు.

మరుసటి పొద్దున నేనే పోయి రాట్నం ముందర కూర్చున్నాను. రెండు నెలలకు ఒక మోస్తరుగా చేయి తిరిగింది.

ఆ సినిమాకు ఏదో బహుమతి వచ్చిందని కొన్నాళ్లకు ఉత్తరం రాసినారు. నాయన నాతో చదివించుకొని, మగ్గం దిగకుండానే అడిగినాడు:

"ఎవరికంట?"