ఎవరికీ అక్కరలేని నాలుగు వందల పన్నెండు

పద్మలత ఆ లైబ్రరీలోకి మొదట వచ్చింది ఊడ్చడానికి. పెద్దపల్లికి పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక మండల కేంద్రంలో, బస్టాండు వెనక రెండు గదుల శాఖ అది. పొద్దున్నే గదులు ఊడ్చి, పేపర్లు బల్ల మీద పరిచి, కుండలో నీళ్లు నింపితే ఆమె పని అయిపోయేది. ఇంటికి మాత్రం వెళ్లేది కాదు, పేపర్లు చదువుతూ కూర్చునేది. అలా చదువుతూనే పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసైంది. ఇంటర్ కూడా అంతే. తర్వాత కరీంనగర్‌కు బస్సులో తిరిగి లైబ్రరీ సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేసింది. ఇప్పుడామెకు యాభై రెండేళ్లు. ఆ శాఖకు ఇన్‌ఛార్జి ఆమే, అటెండరూ ఆమే. ఊడ్చే మనిషి రాని రోజున చీపురు పట్టేదీ ఆమే.

పుస్తకాల దగ్గర ఆమెకు తికమక ఉండదు. ఏది ఏ అరలో ఉందో చూడకుండా చెప్తుంది. ఐదేళ్లుగా ఎవరూ తీసుకెళ్లని పుస్తకాన్ని పక్కకు తీసి కట్ట కట్టేస్తుంది. తికమకంతా కంప్యూటర్ దగ్గరే.

ఆ కంప్యూటర్ ఒక్కటే, పాతది, ఆరేళ్ల కింద ఒక దాత ఇచ్చాడు. ఆ గదిలోనే పోటీ పరీక్షలకు చదువుకున్న నాగరాజు దానిలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి పెట్టాడు. తర్వాత అతనికి భైంసాలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లులో ఉద్యోగం వచ్చింది. పోతూ పోతూ, కొత్త ప్రోగ్రాం కావాలంటే ఏ లైను కొట్టాలో ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఆ లైను కొడుతూ పద్మలత, వచ్చినవాళ్లు అడిగినవన్నీ వేస్తూ వచ్చింది. చదరంగం ఒకరడిగారు, బొమ్మలు గీసేది ఒకరు, వీడియోలు కత్తిరించేది ఇంకొకరు. తెలుగు టైపింగ్ నేర్పేది మాత్రం రమ కోసం వేసింది.

రమకు ముప్పై ఒకటి. భర్త రైస్ మిల్లులో పని చేస్తాడు. పిల్లలిద్దరినీ బడికి పంపి, రోజూ పదింటికి వచ్చి రెండు గంటలు టైపింగ్ చేసుకునేది. కరీంనగర్‌లో టైపిస్టు పరీక్ష ఇంకా తొమ్మిది రోజులు ఉందనగా, ఒక సోమవారం ఆమె కుర్చీలోంచి పిలిచింది.

"అక్కా, నేను కొట్టింది ఇది దాస్తలేదు. ఏందో ఇంగ్లీషుల రాస్తుంది, జర జూడు."

పద్మలత కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. డిస్కులో ఖాళీ లేదట. నాగరాజుకు ఫోన్ చేసింది. నవంబరు, పత్తి కాలం. వెనక లారీల మోత వినిపిస్తోంది.

"అక్కా, నేను లోడ్ల కాడ ఉన్న. అక్కర లేనియి తీసెయ్. నేను రాసిచ్చిన లైన్ల 'ఇన్‌స్టాల్' ఉన్న కాడ 'రిమూవ్' అని కొట్టు, గంతే."

"ఏవి అక్కర లేవో నాకెట్ల ఎరుక?"

"లిస్టు జూస్తె నీకే తెలుస్తది" అని, లిస్టు ఎలా తెప్పించాలో చెప్పి పెట్టేశాడు.

లిస్టు వచ్చింది. పేర్లు పైకి పరుగెత్తుతూనే ఉన్నాయి. చివర లెక్క చూస్తే రెండు వేల నూట నలభై. పద్మలత తన చేతులతో వేసినవి పదిహేనో పదహారో ఉంటాయి. మిగతావి ఎవరు తెచ్చారు? ఎప్పుడు వచ్చాయి? పైగా వాటిలో ఏడెనిమిది వందల పేర్లు 'లిబ్' అనే మూడు ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతున్నాయి.

"గివన్ని మన లైబ్రరీయేనా అక్కా?" అంది రమ.

"పేర్లనే ఉన్నది గదా. నాగరాజు మన కేటలాగు ఏమన్న ఎక్కిచ్చిండో ఏమో. వాటి జోలికి పోవద్దు."

మిగిలిన పేర్లలో ఆమెకు అర్థమైనవి కొన్నే. వాటిలో ఈమెయిల్ చూసుకునే ప్రోగ్రాం ఒకటి కనిపించింది. ఆరేళ్లలో దాన్ని తెరిచినవాళ్లు లేరు, అందరూ ఫోన్లోనే చూసుకుంటారు. పద్మలత దాని పేరు కొట్టింది. దీనితో పాటు ఇంకొకటి కూడా పోతుంది, సరేనా అని కంప్యూటర్ అడిగింది. ఆ ఇంకొకదాని పేరు నోటు పుస్తకంలో రాసుకుని, అవునన్నట్టు 'వై' నొక్కింది. వెంటనే మరో మాట వచ్చింది. నాలుగు వందల పన్నెండు ప్యాకేజీలు, అంటే లిస్టులోని పేర్లే, ఇక ఎవరికీ అక్కరలేదు, కావాలంటే ఈ లైనుతో తీసేయవచ్చు.

"సూడు, అదే చెప్తుంది" అంది రమ సంతోషంగా.

పద్మలత ఆ పేర్లు చూసింది. అందులో లిబ్ అని ఉన్నవీ ఉన్నాయి. మనవి కూడా పోతున్నాయే అని వేలు ఆగింది. కానీ తనకంటే దానికే ఎక్కువ తెలుస్తుంది కదా. అక్కరలేదని అదే అంటుంటే తాను కాదనడమెందుకు? అది చూపిన లైను కొట్టి, మళ్లీ 'వై' నొక్కింది. ఇరవై నిమిషాలు లైన్లు నడిచాయి. మూడు జీబీ ఖాళీ అయింది. తృప్తిగా కంప్యూటర్ ఆపి, తాళం వేసి వెళ్లింది.

మర్నాడు స్విచ్ వేస్తే బొమ్మ రాలేదు. నల్లటి తెర, పైన ఒక మూల పేరు అడుగుతూ రెండు మాటలు. పేరు, పాస్‌వర్డ్ కొట్టింది. మరో ఖాళీ లైను వచ్చి మినుకుమినుకుమంటూ నిలబడింది. మౌస్ కదిపితే కదిలేది ఏమీ లేదు. టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చిన రమ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఖరాబైందా అక్కా?"

"నాకేం సమజైతలేదు రమా. నేనేం తియ్యలే. అక్కర లేనియే తీసిన."

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాక నాగరాజు ఫోన్ ఎత్తాడు. "ఏం దీసినవక్కా?"

"ఉత్తరాలది, ఈమెయిల్‌ది."

"దాంతోని ఇంకేం పోయింది?"

పద్మలత నోటు పుస్తకం తెరిచి ఒక్కొక్క అక్షరం చదివింది.

"అక్కా, అది ఉత్త పెట్టె. లోపల ఒక కాగితం తప్ప ఏముండది. తెర మీద బొమ్మ కనవడాల్నంటే ఏమేం గావాల్నో పేర్లు రాసిపెట్టిన కాగితం అనుకో. గా పేర్లల్ల ఉత్తరాలది ఒకటి. నువ్వు దాన్ని తీసెయ్యంగనే కాగితం చెల్లకుంట అయింది. కాగితం పోయినంక మిగిలినయి ఎవలు పిలిస్తె వచ్చినయో కంప్యూటర్‌కు యాదికి లేదు. గందుకే అక్కర లేవన్నది."

"ఏం లేని పెట్టె పోతే అన్ని ఎట్ల పోతయ్?"

"గట్లనే పోతయ్."

"మరి మన లైబ్రరీయి?"

నాగరాజుకు ముందు అర్థం కాలేదు, తర్వాత నవ్వాడు. "లిబ్ అంటే మన లైబ్రరీ గాదక్కా. ప్రోగ్రాములు వాడుకునే సామాను. ఒక్కటి తెచ్చిపెడితే పదిమంది వాడుకుంటరు."

"అట్లయితె అది లైబ్రరీయే గదా" అంది పద్మలత.

పోయినవాటిని మళ్లీ తెప్పించాలంటే నెట్ కావాలి. నెట్ కలిపే సామాను కూడా ఆ నాలుగు వందల పన్నెండులోనే పోయింది. రమ తన ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించింది. నాగరాజు చెప్తుంటే పద్మలత పైకి అనేది, రమ కొట్టేది. "డి అన్నవా, బి అన్నవా?" "డి. ఢిల్లీ డి." ఒక చుక్క ఎక్కువై ఒకసారి, ఖాళీ వదలక రెండోసారి, ఎందుకో తెలియకుండానే మూడోసారి తప్పింది. నాలుగోసారికి లైన్లు కదిలాయి. సాయంత్రం నాలుగున్నరకు బొమ్మ తిరిగి వచ్చింది. పద్మలత మొదటగా మెనూ తెరిచి చూసింది. ఉత్తరాల ప్రోగ్రాం కూడా వచ్చి ఎప్పటి చోట కూర్చుంది.

"నాగరాజూ, ఇది మళ్ల వచ్చిందేంది? డిస్కు మళ్ల నిండినట్టేనా?"

"గా కాగితంల దాని పేరున్నది, గందుకే వచ్చింది. అగ్గో, ఒకటి మరిచిన. ఇంకో లైను రాసుకో. ప్రోగ్రాం ఏసినప్పుడల్ల నెట్ల నుంచి దించిన దాని మూటను ఒక మూలకు దాస్తది. ఏసుడు అయినంక గా మూటలతోని పని లేదు."

ఆ లైను కొడితే ఒక్క క్షణంలో ఆరు జీబీ ఖాళీ అయింది. ఏ ప్రోగ్రామూ పోలేదు.

"గిది నిన్ననే జెప్పరాదా?" అంది పద్మలత.

"లోడ్ల కాడ యాదికి రాలే అక్కా. తప్పు నాదే."

పరీక్షకు మిగిలిన వారం రోజులూ రమ పదింటికి బదులు తొమ్మిదింటికే వచ్చింది. పద్మలత ఆమె కోసం గంట ముందే తాళం తీసింది. కరీంనగర్ వెళ్లి పరీక్ష రాసి వచ్చి, పేజీ పూర్తయిందని చెప్పింది రమ. ఫలితం ఇంకా రాలేదు.

డిసెంబరులో లింగమూర్తి అనే రిటైర్డ్ సారు వచ్చి, నక్షత్రాలు చూపించే ప్రోగ్రాం ఏదో ఉందట, వేయమన్నాడు. పద్మలత పేరు కొట్టింది. దీనితో పాటు అరవై మూడు వస్తాయి, సరేనా అని అడిగింది కంప్యూటర్. ఆమె నాగరాజుకు ఫోన్ చేసింది.

"అరవై మూడు వస్తయంట తమ్మీ. రేపు సారు వద్దంటే ఇవన్ని పోతయా? పోయేటప్పుడు ఇంకేమన్న పట్టుకపోతయా?"

"పేర్లు సదివి వై కొట్టాలె అక్కా."

"రెండు వేల పేర్లు ఎవరికి యాదుంటయ్?"

"ఎవలకి ఉండయి. నాకు గూడ ఉండయి."

ఫోన్ పెట్టేసి ఆమె తెర వైపు చూసింది. అతనికి తెలుసనుకునే ఇన్నాళ్లూ ధైర్యంగా ఉంది. లింగమూర్తి సారు పక్కన నిలబడి, "ఏమమ్మా, వస్తుందా?" అన్నాడు.

"వస్తది సార్. ఒక్కటి గాదు, అరవై మూడు వస్తయ్. జర కూసోండి" అని పద్మలత నోటు పుస్తకం తెరిచి, మొదటి పేరు రాసుకోవడం మొదలుపెట్టింది.