తుంగభద్రను తాగిన నీలిరెక్కలవాడు

కర్నూలు పాత బస్టాండు వెనక సందులో అబద్ధాలకు బోర్డు కట్టి అంగడి పెట్టిన మొనగాడు మహానంది ఒక్కడే. మిగతావాళ్లు బోర్డు లేకుండా నడుపుకుంటారు.

మూడుసార్లు ఇంటర్ తప్పాడు. నాలుగోసారి పరీక్ష హాలు గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు. ఆ ఊపులోనే హైదరాబాదుకు పోయి ఆదివారం ఫుట్‌పాతు మీద రెండు గోనెసంచుల ఇంగ్లీషు కామిక్సు కొని రైలెక్కించాడు. శనగనూనె వ్యాపారి కేశవయ్య తన గోడౌను మెట్ల కింద గది ఇచ్చాడు. అది రెండువేల రెండు. అప్పట్లో కాలేజీవాళ్లే కాదు, ఆటోవాళ్లు కూడా పుస్తకాలు బాడుగకు పట్టుకుపోయేవాళ్లు. రెండువేల ఆరుకొచ్చేసరికి ఇంటింటికీ కేబుల్ టీవీ, సందుసందుకీ ఇంటర్నెట్ సెంటర్. మహానంది అంగట్లో ఈగలు కూడా విసుగుపుట్టి పక్కనున్న మిఠాయి అంగడికి కాపురం మార్చేశాయి.

ఒక పొద్దున కేశవయ్య మెట్ల కింద తల వంచి చూశాడు.

“మా అల్లుడు సెల్లు రీచార్జి అంగడి పెడతానంటాండాడు మహానందీ. గది కావాల.”

“ఇది మూసేస్తే నేను యాడికి పోవాల శెట్టిగారూ? నాకు వేరే పని రాదు.”

“ఈ పనన్నా వచ్చునా అని. సరే, నేనేం దుర్మార్గుణ్ని కాను. దసరాలోపల ఒక్క పొద్దన్నా పదిమంది చేతుల్లో నీ పుస్తకాలు నా కంటపడితే గది నీదే. వాసవమ్మ మీద ఒట్టు.”

మహానందికి ఒక అలవాటుంది. పుస్తకం చదివి, పాత క్యాలెండరు కాగితం వెనక దాని గురించి తన అభిప్రాయం రాసి తలుపుకు అంటిస్తాడు. చదివి అనడం మర్యాద కోసం. బొమ్మల పక్క బుడగల్లోని ఇంగ్లీషు మాటల్లో మూడింట ఒకటి అతనికి తెలుస్తుంది. మిగతా రెండూ సొంత ఖర్చు. ఇన్నాళ్లూ కథంతా తలుపు మీదే చెప్పేసేవాడు. జనం నిలబడి చదువుకుని, టీ తాగి, పుస్తకం ముట్టకుండా పోయేవాళ్లు. ఈసారి ఆ తప్పు చేయదలచుకోలేదు. నీలిరెక్కల వీరుడి వరస పుస్తకాలు పదకొండు బయటికి తీసి, ఇలా రాసి ఆపేశాడు:

“వీనికి మంత్రాలయం కాడ దప్పికైంది. ఒక్క గుక్క తాగినాడు. తుంగభద్రలో చేపలు కాళ్లు మొలిపించుకొని కర్నూలుకు నడిచొచ్చినాయి. బనగానపల్లె మామిడిపండు తిని టెంక ఊసినాడు. కడప కాడ కొండ కూలింది. ఆ కొండ కింద ఎవురుండారు? లోపల చూడండి. ఐదు నక్షత్రాలిచ్చినా. ఆరోదానికి ఆకాశంలో కొరతగా ఉండాది.”

రెండు రోజుల్లో పదకొండూ బాడుగకు పోయాయి. మూడోరోజు పొద్దున సందు మొదట్లో జనం కనబడ్డారు, అందరి చేతుల్లోనూ పుస్తకాలే. మహానంది చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి, గోడౌను పైన ఇంట్లో ఉన్న కేశవయ్యను పూజలోంచి లేపి కిందికి పట్టుకొచ్చాడు.

“లెక్కపెట్టుకోండి శెట్టిగారూ.”

ముందు నిలబడినవాడు ఏసురాజు, కాలేజీ లైబ్రరీలో అటెండరు. అతనికి ఇంగ్లీషు నిజంగా వచ్చు. పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు.

“తుంగభద్ర యాడుండాదప్పా దీంట్లో? రెండుసార్లు తిరగేసినా. వాడు కిటికీ కాడ నిలబడి ముప్పై పేజీలు ఏడుస్తాండాడు.”

“నాదాంట్లో కొండే లేదు,” అన్నారు వెనక నుంచి.

“చేపలకు కాళ్లు చూపిస్తానని మా ఇంట్లో అందర్నీ కూర్చోబెడితి. మా ఆడామె ఇంకా నవ్వుతానే ఉండాది.”

పదకొండు పుస్తకాలూ బల్ల మీద పడ్డాయి. మహానంది కేశవయ్య మొహంలోకి చూడలేకపోయాడు.

“పదిమంది చేతుల్లో చూసినా,” అన్నాడు కేశవయ్య నెమ్మదిగా. “తీసుకపోయేటోళ్లా, తెచ్చి పడేసేటోళ్లా అని నేను అనలేదు. ఒట్టు ఒట్టే. గది నీదే. దీంట్లో కూర్చొని ఏం చేస్తావో అది నువ్వే ఆలోచించుకో.”

మహానంది ఆలోచించాడు. ఏసురాజు దగ్గర డిక్షనరీ అడిగి తెచ్చుకుని, నాలుగు రోజులు కూర్చుని, తన జన్మలో మొదటిసారి ఒక పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివాడు. చదివింది చదివినట్టే రాసి తలుపుకు అంటించాడు:

“ఊరోళ్లు వీన్ని పిలిచేది మానుకున్నారు. ఎవరన్నా పిలుస్తారేమోనని వీడు కిటికీ కాడ నిలబడుకొనుంటాడు. ఎవరూ పిలవరు. బొమ్మలు బాగుండాయి. మూడు నక్షత్రాలు.”

ఆరోజు ఎవరూ ఆగలేదు. మర్నాడూ అంతే. నాలుగోనాడు టీ అంగడి నరసన్న గ్లాసు పట్టుకొచ్చాడు.

“ఏమప్పా, ఈమధ్య ఏం రాయలేదే?”

“రాసినా కదా. తలుపు మీద.”

నరసన్న వెనక్కి తిరిగి చూశాడు. “అదా? గది బాడుగకిస్తారని కాయితమేమో అనుకుంటి.”

దసరాకు రెండు రోజుల ముందు మహానంది మెట్లెక్కి తాళంచెవి కేశవయ్య ముందు పెట్టాడు.

“ఒట్టు నేను తప్పలేదు. అది గుర్తుపెట్టుకో,” అన్నాడు కేశవయ్య.

“మీరు తప్పలేదు శెట్టిగారూ.”

పండగనాడు అల్లుడు రీచార్జి అంగడి తెరిచాడు. తలుపు మీది కాగితం గట్టిగా అంటుకుని ఊడిరాలేదు. దానిమీదే సెల్లు కంపెనీ పోస్టరు అతికించాడు.