దొరలను నడిపించమని అడిగినందుకు

ఈ మాట నేను అడగడం మొదటిసారి కాదు. ఎక్కడ చెప్పుకున్నా పాత గొడవ, ముసలాడి చాదస్తం అని తోసేశారు. తోసేసిన ఒక్కొక్కరి మొహం నాకు గుర్తుంది. అందుకే మళ్లీ మొదటినుంచి చెబుతున్నాను.

నా చిన్నప్పుడు మాది సంతబొమ్మాళి దిగువన, సముద్రం ఒడ్డున ఒక పల్లె. తెల్లదొరల కాలం. మడుల్లో తేలిన ఉప్పు పిడికెడు తీసుకున్నా నేరమే. ఒకరోజు ఎవడో మీసాలవాడు ఉప్పుమడుల కాపలా జవాను తల పగలగొట్టి పారిపోయాడు. వాణ్ణి ఆ మడుల మీద అధికారం చేసే ఉప్పు దొర కళ్లారా చూశాడట. మర్నాడు ఆ దొర ఇసుకలో నడుచుకుంటూ మా పల్లెకొచ్చి, వల ఆరేస్తున్న మా చిన్నాన్నను చూపించి వీడే అన్నాడు. చిన్నాన్నకు మీసమే లేదు. పైగా ముందురోజంతా తెప్ప మీద సముద్రంలో ఉన్నాడు. పల్లెంతా ఆ మాటే చెప్పింది. దొర వినలేదు. కొరడా పిడితో మొహం మీద కొట్టాడు. పడిపోయాక బూటుతో తన్నాడు. నేను చిన్నాన్న తల ఒళ్లో పెట్టుకునేసరికి, ఎడమకన్ను ఉండవలసిన చోట నెత్తురూ ఇసుకా ఉన్నాయి.

మా తాత ఊరుకోలేదు. ఆ దొరలందరి పైఅధికారి పెద్దదొర విడిదికి వచ్చినప్పుడు ఆయన గుడారానికి మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లి ఫిర్యాదు చేశాడు. పెద్దదొర కొందరు దొరలను కుర్చీల్లో కూర్చోబెట్టి, కొట్టినవాణ్ణి చూపించమన్నాడు. చిన్నాన్న ఒంటికన్నుతో చూశాడు. నేనూ చూశాను. అందరిదీ ఒకటే ఎరుపు, అందరివీ పిల్లికళ్లే. చిన్నాన్న తడుముకుని ఒకరిని చూపించాడు.

మా మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి నిలబడ్డ దుబాసీ మన తెలుగువాడే. పకపకా నవ్వాడు. "ఏట్రా, ఆయన నిన్ననే ఓడ దిగాడు. సముద్రంలో ఈదుకుంటూ వచ్చి కొట్టాడేటి నిన్ను?"

అప్పుడు తాత చేతులు కట్టుకుని అన్నాడు. "బాబూ, కూకోబెట్టి సూపితే మాకేటి తెలుత్తాది? ఒక్కపాలి ఆళ్లని ఇసకలో నడవమనండి. ఆణ్ణి నేను సూపిత్తాను."

మా వాళ్లు మనిషిని పోల్చుకునేది అలాగే. తెప్ప మీదినుంచి చూస్తే ఒడ్డున మొహాలు కనబడవు. ఎవరి భార్య వచ్చిందో, ఎవరి కొడుకు వచ్చాడో నడకను బట్టే చెప్పేవాళ్లు.

"దొరల్ని సంతలో గిత్తల్లాగ నడిపించమంటావా?" అన్నాడు దుబాసీ. తాత మాట పెద్దదొర చెవిన వెయ్యనే లేదు. ఫిర్యాదు అబద్ధమని కొట్టేశారు. దొరలు లేచి గుర్రాల వైపు కదిలారు. వాళ్లలో ఒకడు కుడి మడమ ఈడుస్తూ నడిచాడు.

"అదిగో, ఆడే" అని తాత చెయ్యి చాచాడు. గుడారం దగ్గర కాపలా ఉన్న జవాను లాఠీ ఆ చేతి మీదే పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండో దెబ్బ నోటి మీద పడింది.

దారిలో నేను ఏడుస్తూ, పెద్దయ్యాక దొరల్ని చంపేస్తానన్నాను. తాత నెత్తురు ఉమ్మి, "ఏ దొరనిరా?" అని అడిగాడు. అందర్నీ అన్నాను.

"ఆ దొరా ఇలాగే సేసినాడు. నలుపు కాడే ఆడి సూపు ఆగిపోనాది. ఎరుపు కాడ మనదీ ఆగిపోనాది. మీ సిన్నాన్నని కొట్టినోడు ఒక్కడేరా. ఆణ్ణి పోల్చుకో."

ఇప్పటికీ కొత్తమనిషి ఎదురైతే ముందు నడక చూస్తాను. తరవాత చెవులు, గడ్డం, పెదవుల వంపు. రంగు ఆఖరున చూస్తాను. మనుషులను గుంపుగా తిట్టడం నాకు చేతకాదు. నా తగువు ఎప్పుడూ ఒక్కొక్కరితోనే.

ఆ దొర ఏ దేశంలో మట్టిలో కలిశాడో తెలియదు. దుబాసీ మాత్రం బతికే ఉన్నాడు. టెక్కలిలో తన ఇంటి అరుగు మీద కూర్చుంటాడు. మొన్న నేను ఎదురుగా వెళ్లి నిలబడితే ఎవరో తెలియనట్టు మొహం తిప్పుకున్నాడు. అయ్యా దుబాసీగారూ, నేను మిమ్మల్ని పోల్చుకున్నాను. మా తాత అడిగిన ఆ ఒక్క మాట పెద్దదొరకు ఎందుకు చెప్పలేదు? దానికి జవాబు చెప్పండి.