ఆత్మకూరు ఆఫీసులో ఒకే ఒక్క కంప్యూటరు

మా మనవరాలు ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, కొన్నాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారట, అందుకని ఉదయగిరికి వచ్చి నా గదిలోనే మకాం పెట్టింది. నిన్న మధ్యాహ్నం, నా మోకాళ్ళ నొప్పికి ఏదో నూనె మంచిదని ఎవరో చెబితే, తన లాప్‌టాప్‌లో కాస్త వెతికిపెట్టమని అడిగాను.

"అమ్మో, ఇందులో వద్దు నానీ. ఇది ఆఫీసుది. మనం ఏం చూసినా వాళ్ళకి తెలిసిపోతాది" అంది.

నా మోకాళ్ళ సంగతి వాళ్ళకి తెలిస్తే వచ్చే నష్టమేమిటో నాకు అర్థం కాలేదు గానీ, సరిగ్గా అదే మాటకి ఒకప్పుడు మా ఆఫీసు మొత్తం ఎలా వణికిపోయిందో గుర్తొచ్చి, కళ్ళవెంట నీళ్ళు వచ్చేలా నవ్వాను.

అప్పట్లో ఆత్మకూరులో ఒక విత్తనాల కంపెనీ బ్రాంచి ఆఫీసులో నేను టైపిస్టుని. పొద్దున్నే ఉదయగిరిలో బస్సెక్కి, సాయంత్రానికి దుమ్ము కొట్టుకుని ఇల్లు చేరే ఉద్యోగం. మా అత్తగారు రోజూ నన్ను ఉర్దూలో దీవించి పంపించి, తిరిగొచ్చాక ఆలస్యమైందని తెలుగులో సణిగేవారు. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చినప్పుడు దాన్ని నా టేబుల్ మీదే పెట్టారు. చెప్పులు విప్పి దాని దగ్గరికి రావాలని మా మేనేజరు గారి ఆజ్ఞ. ఫోను తీగలోంచే నెట్టు రావాలి కాబట్టి, నెట్టు నడుస్తున్నంతసేపూ ఫోను మోగదు. అనంతసాగరం వైపు రైతులు ఫోను చేసి చేసి విసిగి, చివరికి షేరు ఆటో ఎక్కి స్వయంగా వచ్చి, మీ ఫోను చచ్చిందా మీరు చచ్చారా అని అడిగి పోయేవారు.

ఆఫీసులో ఉండేది మేం నలుగురమే. నవ్వడం చేతకాదేమో అనిపించే మేనేజరు గారు, లెక్కలు రాసే అక్కయ్య, గోడౌను చూసుకునే పెద్దాయన, నేను. ఆ పెద్దాయన్ని అందరం మామా అనే పిలిచేవాళ్ళం. నెట్టు వచ్చిన కొత్తలో దాని మొహం చూడని వాళ్ళు, రానురాను నేను అన్నానికి లేచిన వెంటనే ఒకరి తర్వాత ఒకరు నా కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఏం చూసేవారో నేను అడగలేదు. అడిగే మొహం నాకూ లేదు. మా ఇంటాయన చెక్క గరిటెలు చెక్కుతాడు. వాటి ఫోటోలు నేను ఆ కంప్యూటరు నుంచే బెంగుళూరులో ఒక దుకాణం వాళ్ళకి పంపించాను, వాళ్ళు ముచ్చటపడి, ఎన్ని ఇవ్వగలరో చెప్పమని మెయిలు పెట్టారు. మా ఇంటాయన పనితనం ఉదయగిరి కొండ దాటి పోవడానికి అదే మొదటి దారి.

అంతలో ఒక సాయంత్రం హెడ్డాఫీసు నుంచి ఫోను. రేపు మనిషి వస్తాడు, కంప్యూటరు తనిఖీ చేస్తాడు, అందులో ఎవరెవరు ఏమేం చూశారో మొత్తం బయటికి తీస్తాడు అని. మేనేజరు గారు ఆ కబురు మాకు చెప్పి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

మొదట అక్కయ్య వచ్చింది. వాళ్ళాయన గురకకి మందు వెతికిందట. అది బయటపడితే ఆయన మొహమెట్లా చూసేదని ఆమె భయం. తర్వాత గోడౌను మామ వచ్చి, నా టేబుల్ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం లేదు తల్లీ, పాత సినిమాల్లో డాన్సు కట్టే ఆ అమ్మాయి ఫోటోలు చూసినాను. హెడ్డాఫీసు వాళ్ళు ఏమనుకున్నా నాకు లెక్కలేదు. మీ అత్తకి తెలిస్తే మాత్రం నాకు కూడు పెట్టదు."

ఇద్దరికీ తుడిచేస్తానని మాటిచ్చాక మేనేజరు గారు గదిలోకి పిలిచారు. పిలిచి, ముందు కిటికీ రెక్కలు మూశారు. నా సంగతే తెలిసిపోయిందనుకున్నాను.

"అమ్మా, అందులో... జడల బొమ్మలు ఉండాయి" అన్నారు గొంతు తగ్గించి.

ముందు ఏడాదే ఆయన భార్య పోయింది. కూతురు మూడో తరగతి. బడికి రెండు జడలు వేసి, మడిచి, రిబ్బను కట్టి పంపాలట. ఎలా అల్లాలో బొమ్మలు చూసి నేర్చుకుంటున్నారు. గోనె సంచులు కుట్టే పురికొసని ఎవరో కుర్చీ కోళ్ళకి కట్టి అందంగా అల్లి పెడుతుంటే, ఇదెవరి పిచ్చి అని మేం ముగ్గురం చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఆయన ముందు నిలబడ్డ ఆ నిమిషంలో ఆ నవ్వంతా గుర్తొచ్చి సిగ్గేసింది.

ఒక్కొక్కటీ ఏరి తుడవడం నాకు రాదు. అందుకని మొత్తం తుడిచేశాను. ఆ కంగారులో బెంగుళూరు వాళ్ళ మెయిలు కూడా పోయింది. వాళ్ళ అడ్రసు నేను ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఇంటికెళ్ళి ఆ మాట మా ఇంటాయనకి చెప్పలేక, ఆ పూట అన్నం సహించలేదన్నాను.

మర్నాడు వచ్చినవాడు పట్టుమని పాతికేళ్ళు లేని కుర్రాడు. కంప్యూటరు తెరిచి ఆశ్చర్యపోయాడు. "ఏంది సార్, ఇంత శుభ్రంగా ఏ ఆఫీసులోనూ చూడలేదు. ఎవరు తుడిచినారు?"

నేను నోరు తెరిచేలోపే మేనేజరు గారు, "నేనే తుడవమన్నాను" అన్నారు. "నేను కూడా" అంది అక్కయ్య. మామ చెయ్యి ఎత్తాడు.

ఆ కుర్రాడు మమ్మల్ని వింతగా చూసి, తను వైరస్‌కి మందు వేయడానికి మాత్రమే వచ్చానన్నాడు. మిగతా బెదిరింపు హెడ్డాఫీసు వాళ్ళ సరదా అట. పని ముగించి, కాస్త సిగ్గుపడుతూ, ఇంట్లోవాళ్ళు తనకి చూసిన పెళ్ళికూతురి ఫోటో మెయిలు చేశారు, ఇక్కడ చూసుకోవచ్చా అని అడిగాడు. ఇక చూడాలి. నలుగురం అతని కుర్చీ వెనకే నిలబడ్డాం. ఆ నెట్టు నడకకి ఫోటో పైనుంచి బెత్తెడు బెత్తెడుగా దిగుతోంది. పాపిడి వచ్చింది. నుదురు వచ్చింది. మేం ఊపిరి బిగబట్టాం. కళ్ళు దిగేసరికి కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. ముందుకు వేసుకున్న జడ పూర్తిగా కనబడ్డాక, మేనేజరు గారు కళ్ళజోడు సవరించుకుని అన్నారు:

"చేసుకోవచ్చు నాయనా. జడ గట్టిగా అల్లినారు, పాపిడి కూడా వంకర లేదు."

అని నవ్వారు. ఆయన నవ్వడం మేం చూడటం అదే మొదటిసారి.

జవాబు రాలేదని బెంగుళూరు వాళ్ళే మళ్ళీ మెయిలు పెట్టారు. దాన్ని ముందు చూసింది మేనేజరు గారే. నన్ను పిలిచి, వాళ్ళు కోపంగా ఉన్నట్టున్నారు, ముందు జవాబు రాయమన్నారు. గరిటెలు సర్దడానికి గోడౌనులోంచి ఖాళీ అట్టపెట్టెలు మామ తెచ్చిచ్చాడు. మా గరిటెలు కొండ దాటాయి.

ఆ ఆఫీసు ఎత్తేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఎవరి కంప్యూటరు వాళ్ళ ఒళ్ళోనే ఉంది, దానికి ఎవరి తాళం వాళ్ళదే, అయినా ఎక్కడో కూర్చున్న ముఖం తెలియని వాళ్ళకి మన సంగతులన్నీ తెలుస్తాయట. తెలిసినా మనల్ని ఒక్క మాట అడగరట. అప్పట్లో మాకు చాటు లేదు. ఒకరింటి గురక, ఒకరి డాన్సుల పిచ్చి, ఒకరింట్లో తల దువ్వే తల్లి లేని లోటు, అన్నీ ఆ ఒక్క టేబుల్ దగ్గరే బయటపడ్డాయి, మా నలుగురి దగ్గరే ఆగిపోయాయి. మన గురించి తెలుసుకునేవాళ్ళు ఇంతమంది పెరిగారు గానీ, తెలిసింది తమలో దాచిపెట్టుకునే మనిషి ఇప్పుడు మా మనవరాలికి ఒక్కరైనా దొరుకుతారో లేదో.